రెండు కళ్ల కెమెరా, కొట్టుగది కిటికీ

మొన్న ఆదివారం మా మేనకోడలు లహరి గుడివాడ నుంచి బందరులో మా ఇంటికి వచ్చింది. వచ్చే నెలలో మా అమ్మాయి శ్రావణి పెళ్లి. ఫొటోలు లహరి వదినే తీయాలని శ్రావణి పట్టుబట్టింది. ఈ రోజుల్లో పెళ్లికూతురి మొహం కంటే కెమెరాల వాళ్ల వీపులే ఎక్కువ కనిపిస్తున్నాయి, డ్రోన్లూ క్రేన్లూ నాకొద్దు, మనింటి మనిషి తీస్తే చాలని దాని వాదన. లహరి బళ్లో సైన్సు చెబుతుంది. సెలవు దొరికితే కొల్లేరు వైపు వెళ్లి పిట్టల్ని ఫొటోలు తీస్తుంది. పిట్టల కెమెరా పెళ్లికి పనికొస్తుందా, కొత్తది కొనాలా అన్నది దాని దిగులు. వాళ్లమ్మ, అంటే మా సుగుణక్క, కూడా వచ్చింది. అక్క వసారాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తుంటే, లహరి నా పక్కన చేరి ఫోనులో మూడు కెమెరాల బొమ్మలు చూపించింది.

"మావయ్యా, నువ్వు ఏదైనా లెక్కలు కట్టి కానీ చెప్పవు కదా. ఇందులో ఏది తీసుకోమంటావు? ఈ మూడోది చీకట్లో కూడా బాగా తీస్తుందట. నాకైతే మనసు దాని మీదే ఉంది."

"పెళ్లి హాల్లో చీకటెక్కడిదే? పట్టపగల్లా లైట్లు పెడుతున్నారుగా."

లహరి వసారా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "స్టేజీ మీద ఉండదు మావయ్యా. అమ్మ నిలబడే చోట ఉంటుంది."

మా బావ పోయి ఎక్కువ కాలం కాలేదు. అప్పట్నుంచి అక్క ఏ పెళ్లికి వెళ్లినా వెనక వరసలోనో, భోజనాల వైపు స్తంభం పక్కనో నిలబడుతోందని నాకూ తెలుసు. తెలిసి ఊరుకున్నాను. లహరి ఆ మాట అనగానే గోడ మీదున్న నలుపు తెలుపు ఫొటో వైపు చూశాను. అది మా మేనత్త మాణిక్యమ్మ ఫొటో. సుగుణక్క పెళ్లిలో నేను తీసిందే.

మాది పెడనలో అద్దకం ఇల్లు. చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలూ తీగలూ అద్దడం మా నాన్న వృత్తి. ఆ ఇంటిని తలుచుకుంటే ముందు వాసనలే వస్తాయి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఆరేసిన గుడ్డలు ఎండకు వేసే పుల్లటి వాసన. నల్ల రంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసిన కుండల వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని రోజు పని లేని రోజు, కాబట్టి ఆ వాసన ఉంటేనే ధైర్యం. పాలల్లో గుడ్డ ముంచే పని ఎప్పుడూ అత్తయ్యదే. తెల్లారేసరికి తొట్టె దగ్గర కూర్చుని, గుడ్డని ముంచి, పిసికి, పిండి, మళ్లీ ముంచేది. పాలు ఎక్కువైతే జిడ్డు, తక్కువైతే రంగు పాకుతుంది. ఆ కొలత ఆమె చేతికి తెలుసు. ఆమె అరచేతులు ఎప్పుడూ లేత పసుపురంగులో ఉండేవి. పసుపు రాసుకోవడం మానేసిన మనిషి చేతులకు కరక్కాయ ఆ రంగు ఇస్తూనే ఉండేదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.

అత్తయ్య పెళ్లయిన రెండో ఏడే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. సుగుణక్క పుట్టాక అమ్మకు చాలాకాలం ఆరోగ్యం సరిగా లేకపోవడంతో అక్కను పెంచింది ఆమే. అక్క ఆమె పక్కలోనే పడుకునేది, ఆమె చేత్తో కలిపిన అన్నమే తినేది. పెద్దదై, జడకు ఆమె చేతే నూనె రాయించుకుంటూ, "అత్తయ్యా, నీ చేతులు కంపు" అని వెక్కిరించేది. "ఆ కంపే నీకు పట్టుపరికిణీ కొనిపెట్టిందే, కదలకుండా కూర్చో" అని అత్తయ్య తల మీద ఒకటి మొట్టేది.

అలాంటి మనిషి, ఇంట్లో శుభకార్యం అనగానే పక్కకు తప్పుకునేది. ఎవరూ పొమ్మనేవారు కారు. ఎవరూ రమ్మనేవారూ కారు. వంటవాళ్లకు దినుసులు కొలిచి ఇచ్చేది, పాలు పొంగకుండా చూసేది, విస్తళ్లు తడిపించేది. ముహూర్తం దగ్గరపడేసరికి కనిపించేది కాదు. ముంగిట్లో వేసిన పందిరిలోకి మా సామాన్ల కొట్టుగది కిటికీ ఒకటి తెరుచుకుని ఉండేది. అచ్చులూ పాత కుండలూ పెట్టుకునే గది అది. ఇనప చువ్వల వెనక నిలబడి అక్కడి నుంచి చూసేది. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. అటువైపు ఎవరూ చూడకపోవడం మా ఇంటి మర్యాద.

ఇక కెమెరా నా చేతికి ఎలా వచ్చిందంటే, అదీ అద్దకం వల్లే. నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు నాకు అద్దకం బల్ల దగ్గర వచ్చాయి. ఇంత పొడుగు గుడ్డలో ఈ అచ్చు ఎన్నిసార్లు పడుతుంది, అంచు మూల దగ్గర పువ్వు తెగకుండా ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి నోటితోనే కట్టేవాణ్ని. దూరపు బేరగాళ్లకు పంపడానికి నమూనా గుడ్డల ఫొటోలు కావాలని నాన్న అనడంతో, బందరులో స్టూడియో నడిపే నరసింహంగారి దగ్గర కెమెరా అరువు తెచ్చి తీయడం మొదలుపెట్టాను. ఫిల్ము డబ్బాలో మడిచి పెట్టిన కాగితం మీద ఎండ, మబ్బు, నీడ బొమ్మలు వేసి, దేనికి ఏ అంకె పెట్టాలో ఉండేది. అదే నాకు పాఠ్యపుస్తకం. కటకం చుట్టూ చెక్కిన నాలుగు, అయిదున్నరకు పైన, ఎనిమిది, పదకొండు, పదహారు అనే అంకెలు మొదట అర్థం కాలేదు. ఒకటి విడిచి ఒకటి చూస్తే రెట్టింపవుతున్నాయని, ఒక్కో మెట్టుకీ వెలుగు సగమవుతోందని ఒక మధ్యాహ్నం దానంతట అదే బోధపడింది. అది ఎవరూ చెప్పకుండా కనిపెట్టానన్న గర్వంతో ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

సుగుణక్కకు అవనిగడ్డ సంబంధం ఖాయమైంది. ఆ ముహూర్తానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటా పెళ్లిళ్లే. నరసింహంగారి మనుషులందరికీ ముందే పని కుదిరిపోయింది. "మీ అబ్బాయికి చెయ్యి తిరిగిందిగా, వాణ్నే తీయమనండి. కెమెరా నేనిస్తాను" అన్నాడాయన. నాన్న ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం నేను గుడ్డలు మడత పెడుతుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఒరేయ్, నాకు నా ఫొటోలు లేకపోయినా ఫరవాలేదు. రోజూ అద్దంలో చూసే మొహమేగా. తెర తీసే వేళకి అత్తయ్య మొహం ఎలా ఉంటుందో నేను చూడలేను. నా వీపు ఆ కిటికీ వైపు ఉంటుంది. నువ్వు చూసి పెట్టు."

"ఆమెనే పందిట్లోకి రమ్మంటే పోలా?"

"పిలవలేదనుకున్నావా? 'పిచ్చిమాటలు మాట్లాడకు, నీ పసుపుకుంకాలు చల్లగా ఉండాలి' అని కసిరింది. ఫొటో సంగతి ఆమెకు తెలిసిందా, ఆ కిటికీ దగ్గరకి కూడా రాదు. జాగ్రత్త."

అత్తయ్యకు కెమెరా అంటే ఎప్పుడూ దూరమే. నేను గుడ్డల ఫొటోలు తీస్తున్నా సరే, నా చేతిలో అది కనబడితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు పోయేది. ఆ కొంగు లేని మొహం అక్కకు కావాలి. మళ్లీ తీసే అవకాశం ఉండదు. నేను కెమెరా ఎంచుకోవడం అక్కడ మొదలైంది.

నాకు దొరికేవి మూడు. మొదటిది మా బాబాయిది. ఆయనకు పామర్రు సెంటర్లో ఎరువుల కొట్టు. బావమరిది కువైట్ నుంచి తెచ్చిన ఆటోమేటిక్ కెమెరా ఆయన మెళ్లో ఎప్పుడూ వేలాడుతుండేది. రంగుల ఫిల్ము, లోపలే ఫ్లాష్. నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకునేది. కానీ ఆ గది వైపు ఫ్లాష్ మెరిస్తే పందిరంతా కిటికీ వైపు తిరుగుతుంది. ఫ్లాష్ లేకుండా ఆ చీకట్లో అది తీయలేదు. రెండోది బందరులో నా స్నేహితుడి దగ్గరున్నది. అంకెల్లో చూస్తే అదే గొప్పది. దాని కటకం మిగతా రెంటికంటే ఎక్కువ వెలుగు తాగుతుంది. అయితే దాన్ని కంటికి పెట్టుకుని కిటికీ మీదికి గురిపెట్టాలి, నొక్కితే లోపల అద్దం లేచి 'ఠప్' మని తలుపు వేసినట్టు చప్పుడు చేస్తుంది. మూడోది నరసింహంగారి పాతది. పైన ఒకటి, కింద ఒకటి రెండు కటకాలుండే పెట్టె. మేం రెండు కళ్ల కెమెరా అనేవాళ్లం. రీలుకు పన్నెండు ఫొటోలే. బరువు. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల దించి, పైనున్న గాజు పలకలో బొమ్మ చూసుకోవాలి. తీసేవాడి చూపు తన పొట్ట మీద ఉంటుంది కాబట్టి ఎటు తీస్తున్నాడో ఎదుటివాడికి తెలియదు. పెట్టెను పక్కకు తిప్పి పట్టుకుంటే మనం ఒకవైపు నిలబడి ఇంకోవైపు తీయొచ్చు. చప్పుడు చిటికెన వేలితో బల్ల మీద కొట్టినంత. వెలుగు లెక్క వేసి చూస్తే నలుపు తెలుపు ఫిల్ము, అందులోనూ వేగమైనది వేసి, పందిరి గుంజకు ఆనుకుని ఊపిరి బిగబడితే బొమ్మ పడుతుంది. అంకెల్లో మూడోదే అన్నిటికంటే వెనక. అదే ఎంచుకున్నాను.

బాబాయి చూసి విరగబడి నవ్వాడు. "ఏరా, పన్నెండు ఫొటోల పెట్టెతో పెళ్లి తీస్తావా? పెళ్లికొడుకు తల ఒక రీల్లో, కాళ్లు ఇంకో రీల్లో తీస్తావా? రంగుల కాలంలో ఈ నలుపు తెలుపేంట్రా, పట్టుచీర కూడా మసిగుడ్డలా పడుద్ది."

"రంగులవి నువ్వు తియ్యి బాబాయ్. ఇది నాకు అలవాటైన కెమెరా" అన్నాను. నాన్నకు కూడా కారణం చెప్పలేదు. చెబితే అది అత్తయ్య చెవిన పడకుండా ఉండదు.

ఫిల్ము వేయకుండా రోజూ సాధన చేశాను. ఆ గాజు పలకలో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. మనిషి ఎడమకు కదిలితే బొమ్మలో కుడికి పోతుంది, మనం దాని వెంట పడితే పూర్తిగా జారిపోతుంది. పెరట్లో కోడిపెట్టల వెంట పెట్టె పక్కకు తిప్పుకుని నడుస్తుంటే అత్తయ్యే తొట్టె దగ్గర నుంచి, "వీడికి పెళ్లి పని అప్పజెప్పి తప్పు చేశార్రా, కోళ్లకి చేస్తున్నాడు పెళ్లి" అంది.

పెళ్లి పొద్దుటి ముహూర్తం. అవనిగడ్డ నుంచి మగపెళ్లివారు చల్లపల్లి మీదుగా రెండు బస్సుల్లో దిగారు. నా లెక్క ప్రకారం రెండో రీలు సగంలో ఉండగా ముహూర్తం రావాలి. తెర తీసేటప్పుడు వధూవరులది ఒకటి, వెంటనే కిటికీ వైపు తిప్పి రెండు మూడు. ఇందులో అవనిగడ్డ వాళ్ల దివిసీమ మర్యాదను నేను లెక్కలోకి తీసుకోలేదు. "బాబూ, మా పెద్దమ్మతో ఒక్కటండీ." "మా తోడల్లుడు నాగాయలంక నుంచి వచ్చాడండీ, మళ్లీ ఎప్పుడొస్తాడో, ఒక్కటండీ." మగపెళ్లివారు అడిగితే కాదనడం ఎలా? అంత గారాబంగా 'అండీ' అంటుంటే వేలు దానంతట అదే నొక్కింది. పంతులుగారు జీలకర్ర బెల్లం అందిస్తుండగా పెట్టె వెనకున్న చిన్న ఎర్రగాజు కంతలో అంకె చూసుకుంటే పన్నెండు. ఆ రీల్లో అదే చివరిది. కొత్త రీలు వేయాలంటే నీడలోకి వెళ్లి కాసేపు కూర్చోవాలి. ముహూర్తం నా కోసం ఆగదు.

అక్కకూ బావకూ మధ్య తెర పట్టుకున్నారు. బాబాయి తన కెమెరాతో ముందుకు తోసుకొచ్చాడు. నేను కొట్టుగదికి దగ్గరగా ఉన్న గుంజకు వీపు ఆనించాను. నా మొహం పెళ్లిపీటల వైపు. పెట్టెను మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాను. గాజు పలకలో చువ్వలు, వాటి వెనక లేత కోక, ఒక మొహం కనిపించాయి. కొంగు భుజం మీదే ఉంది. నాన్న నా వైపు చూసి, "తెర దింపుతున్నారు, తియ్యరా!" అని అరిచాడు. గట్టిమేళం లేచింది. అందరూ ఒక్కసారిగా నిలబడి అక్షతలు వేస్తున్నారు. ఒక్కటే ఫొటో. అటు తీయాలా, ఇటు తీయాలా అన్నది ఆ క్షణంలో ఆలోచించానని చెప్పలేను. గాజు పలకలో అత్తయ్య చెయ్యి లేచింది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

వారం తిరక్కుండా బాబాయి తీసిన రంగుల ఫొటోలు వచ్చాయి. ముహూర్తం ఫొటోలో చేతులున్నాయి. అక్షతలు వేస్తున్న చేతులు, గాజుల చేతులు, గడియారాల చేతులు, మధ్యలో పంతులుగారి మోచెయ్యి. అక్క లేదు, బావ లేడు. నా రీళ్లలో పెద్దమ్మలూ తోడల్లుళ్లూ చక్కగా ఉన్నారు గానీ తెర దింపిన వేళ వధూవరుల ఫొటో లేదు. నాన్న నన్నేమీ అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. నరసింహంగారు ఆ చివరి ఫొటోకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద నమూనా తీసి ఇచ్చారు. చువ్వల వెనక మనిషి పడింది. అయితే మొహం చుట్టూ తెల్లటి సన్న గీతలు చాలా ఉన్నాయి. "కడిగేటప్పుడు ఏదో అయినట్టుంది బాబూ. మంచి మొహం పాడైంది. నెగెటివ్ మీద బ్లేడుతో గీకి ఆ మరకలన్నీ తీసేసి పెద్దది వేసిస్తాను, రేపు రండి" అన్నారు. సరేనన్నాను. మొహం దక్కింది, అదే చాలనుకున్నాను.

అక్క మనుగుడుపులకు ఇంటికి వచ్చి ఉంది. ఆ నమూనాను అరచేతిలో పెట్టుకుని వెలుతుర్లోకి వెళ్లింది. చాలాసేపు చూసింది.

"మరకలెక్కడివిరా? ఇవి అక్షతలు."

నేను మళ్లీ చూశాను. లేచిన చెయ్యి, తెరిచిన వేళ్లు. ఆ వేళ్ల దగ్గర మొదలై గీతలు చువ్వల వైపు సాగుతున్నాయి. చీకటి గదిలో పడుతున్న బియ్యపు గింజలు, సెకనులో పదిహేనో వంతు సేపు తెరిచిన కటకంలో తెల్లటి చారలయ్యాయి. పందిట్లోకి రాని మనిషి, తన వల్ల ఏ కీడూ తగలకూడదని దూరం జరిగిన మనిషి, ఎవరూ చూడరని తెలిసి, తనూ గుప్పెడు అక్షతలు దాచుకుని, గదిలోపలే వేసింది. అవి చువ్వలు దాటి అక్క మీద పడలేదు. ఏ మట్టికుండల మీదో పడి ఉంటాయి.

"ఆయన గీకేస్తానన్నాడే!" అన్నాను. ఇద్దరం ఉన్నపళాన బందరు బస్సెక్కాం. కొత్త పెళ్లికూతురు పసుపుబట్టలతో స్టూడియోలోకి వచ్చి, "నరసింహంగారూ, ఆ గీతల జోలికి వెళ్లకండి" అంటుంటే ఆయన బ్లేడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండు మూడు చారలు అప్పటికే పోయాయి. పెద్ద ఫొటోలో ఎడమ చెవి పక్కన ఆ ఖాళీ ఇప్పటికీ తెలుస్తుంది.

ఇంటికి తెచ్చి ముందు నాన్నకు చూపించాం. ఆయన అద్దకం బల్ల మీద చేతులు తుడుచుకుని, ఫొటోను అంచులు పట్టుకుని చూశాడు. అక్షతలని అక్క చెప్పాల్సిన పని పడలేదు. "బాబాయి ఫొటోలో అన్నీ చేతులే. ఇందులో మనిషుంది" అన్నాడు. తనే మేకు కొట్టి వసారాలో తగిలించాడు. అత్తయ్య తొట్టె దగ్గర నుంచి తడిచేతులతో వచ్చి చూసింది. మొహం ఎర్రబడింది. "ఎవడు చూడమన్నాడ్రా నిన్ను అటు? ముహూర్తం ఫొటో వదిలేసి, సిగ్గులేకపోతే సరి" అని నన్ను తిట్టింది. తిట్టి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. అక్క ఆమె తడి అరచేతిని తీసి తన తల మీద పెట్టుకుంది. ఈసారి కంపు అనలేదు.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. అద్దకం ఇల్లు చేతులు మారింది. నరసింహంగారి స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కొట్టు. లహరి దగ్గరున్న కెమెరా ఒక్క నిమిషంలో నేను ఆ పెళ్లంతటికీ తీసినన్ని తీయగలదు, దాని గాజు పలకలో కుడి ఎడమలు తారుమారు కావు, లహరి కొందామనుకునేదానికైతే చీకటీ అడ్డు కాదు. ఈ లెక్కలన్నిట్లోనూ ఇప్పటి కాలమే మెరుగు, అందులో నాకు అనుమానం లేదు. శ్రావణికి మేనత్త సుగుణక్క. సుగుణక్కకు మేనత్త మాణిక్యమ్మ. చిక్కుడుకాయలు వలుస్తున్న అక్క చేతుల వైపు చూస్తూ, ఇన్నేళ్ల తర్వాత అదే చుట్టరికంలో అదే చీకట్లోకి ఇంకో మనిషి జరుగుతోంటే, కూతురు మంచి కటకం కోసం వెతుక్కుంటోందని అనుకున్నాను. అప్పుడు పందిరి నాన్నది. ఇప్పుడు పందిరి నాది.

"చీకట్లో తీసే కెమెరా అక్కర్లేదే లహరీ" అన్నాను, వసారాలోకి వినపడేటట్టు. "నీ పిట్టల కెమెరా చాలు. మీ అమ్మ పీటల పక్కనే ఉంటుంది. శ్రావణి తల మీద మొదటి అక్షతలు మేనత్తవే."

అక్క చేతులు ఆగాయి. "నోర్మూసుకో. వియ్యాలవారు ఏమనుకుంటారు?"

"నిన్ననే వాళ్లకి ఫోను చేసి చెప్పేసింది శ్రావణి, నీతో అనడానికే నేను వెనకాడాను" అన్నాను. "అత్తయ్య లేకుండా పీటల మీద కూర్చోనందిట. 'మా ఇంట్లోనూ ఉన్నారమ్మా ఒక అమ్మమ్మగారు, ఆవిణ్నీ కూర్చోబెడదాం' అన్నారట వాళ్లు."

అక్క వొట్టి తొక్కల్లో వేళ్లు పెట్టి వెతికింది. లేచి వచ్చి, గోడ మీద ఫొటోలో అత్తయ్య ఎడమ చెవి పక్కనున్న ఖాళీని చూపుడు వేలితో తుడిచినట్టు రాసింది. లహరి వైపు తిరిగింది.

"అయితే రంగుల్లోనే తియ్యవే. మీ మావయ్యలా నలుపు తెలుపులో తీస్తే నా చీర మసిగుడ్డలా పడుద్ది."